సీరియల్ ఆపి నవల పూర్తి చేయాలా, నవలను అటకెక్కించాలా?

కాలువగట్టు
కొన్నాళ్లుగా బుర్ర తినేస్తున్న సంగతి. ఇంట్లో అడిగితే "ముందు నిద్రపో" అంటున్నారు, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

ఉండేది పెరంబూరు. పని అంబత్తూరులో ఒక ఆడిటర్ ఆఫీసులో, జీఎస్టీ రిటర్నులు వేయడం. 11వ తేదీకి జీఎస్టీఆర్-1, 20వ తేదీకి 3బి. అంటే నెలలో మొదటి ఇరవై రోజులు నేను మనిషిని కాను. రాసుకోవడానికి మిగిలేది చివరి పది రోజులు. అందులోనే పిల్లాడి పదో తరగతి, మా ఆవిడ స్కూలు పేపర్లకు మార్కులు కూడిపెట్టడం, ఊరి నుంచి వచ్చే చుట్టాలను ఆస్పత్రులకు తిప్పడం.

చేతిలో మూడు పనులున్నాయి. ఒకటి, బకింగ్‌హాం కాలువ మీద నవల. నెల్లూరు వైపు నుంచి సరుగుడు కట్టెలు వేసుకుని మద్రాసు బేసిన్ బ్రిడ్జి దాకా వచ్చిన పడవవాళ్ల కథ. మా తాత ఆ పడవల్లో పనిచేశాడు. సగం దాటి ఆగింది. రెండోది, ఒక యాప్‌లో వారం వారం సీరియల్. అత్తాకోడళ్లు, ఐఏఎస్ హీరో, మీరు ఊహించుకోగలరు. దానికి జనం ఉన్నారు. మంగళవారం భాగం ఆలస్యమైతే తిడతారు కూడా. నెలకు బండి పెట్రోలుకు సరిపడా డబ్బులొస్తాయి. మూడోది, పోటీలకు కథలు.

ఇప్పుడొక ప్రచురణ సంస్థవాళ్లు ఫోన్ చేశారు. నవల పూర్తి చేసి ఇస్తే వేస్తారట. "ప్యాకేజీ" 65 వేలు. 300 కాపీలు, కవరు, ఆవిష్కరణ సభ అన్నీ అందులోనే. నెలాఖరులోగా అడ్వాన్సు కడితే జనవరికి పుస్తకం చేతికిస్తామంటున్నారు.

ఏది వదలాలి? నీతులు వద్దు, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఇడ్లీకడై
రెండు పడవల మీద కాళ్లు అంటారు గానీ మీవి మూడు. మీ నవలకు టైటిల్ దొరికింది.

రాత్రిబండి
సగం దాటి అంటే ఎన్ని పేజీలు?

కాలువగట్టు
డెమీ సైజులో, అంటే మామూలు నవలల సైజులో, లెక్కేస్తే 130 దాకా వస్తాయి. మొత్తం 240 అనుకుంటున్నా.

డెమీసైజు
నేను డీటీపీ, ప్రింటింగ్ పనిలో ఉన్నవాణ్ని, కాబట్టి లెక్క చెప్తా. డెమీ 1/8లో ఫారానికి, అంటే మడిచి కుట్టే ఒక్కో పెద్ద అచ్చు కాగితానికి, 16 పేజీలు. 240 అంటే 15 ఫారాలు, సరిగ్గా సరిపోతుంది, తెల్ల కాగితాలు మిగలవు. అది మంచి వార్త.

చెడ్డ వార్త. 65 వేలకు 300 కాపీలంటే కాపీ 216 రూపాయల పైన పడుతుంది. వెల 250 పెట్టారనుకోండి, అమ్మిపెట్టేవాళ్ల కమిషన్ 40 శాతం అనుకోండి, మీ చేతికి 150. ఒక్కటి మిగలకుండా అన్నీ అమ్ముడుపోయినా 45 వేలు. 20 వేలు చేతిచమురు. అన్నీ అమ్ముడుపోవు.

కాలువగట్టు
రోజంతా ఊళ్లోవాళ్ల లెక్కలు చూసేవాణ్ని, ఈ లెక్క నేనూ వేశాను. పుస్తకం జీఎస్టీ కోడ్ (హెచ్ఎస్ఎన్) 4901, పన్ను సున్నా. సున్నా కాబట్టే కాగితం మీద కట్టిన పన్నుకు క్రెడిట్ కూడా రాదు. అంతా తెలుసు. అయినా ఆ ఫోన్ వచ్చిన రోజు మా ఆవిడకు చెప్పేటప్పుడు గొంతు మారిపోయింది. అదే సమస్య.

అచ్చుతప్పు
ఆవిష్కరణ సభ కూడా ప్యాకేజీలోనే అంటే భోజనాలు ఎవరివో ముందే అడగండి. నా మొదటి పుస్తకం అప్పుడు శాలువాలు, మెమెంటోలు, మైకు అన్నీ నా ఖాతాలోనే పడ్డాయి. వేదిక మీద ఏడుగురు పెద్దలు, కింద మా బంధువులు. ఒక వక్త పుస్తకం పేరు చివరిదాకా తప్పుగానే పలికాడు. కవరు మీద నా ఇంటిపేరూ తప్పుగానే పడింది కాబట్టి ఆయన్ని ఏమీ అనలేకపోయాను.

ఇడ్లీకడై
హ్యాండిల్ వెనక చరిత్ర ఇదన్నమాట.

వేళచ్చేరి వనజ
డెమీసైజు గారు వదిలేసిన ఖర్చు ఒకటుంది, చోటు. కథల సంపుటి 500 వేయించాను, హైదరాబాదులో ప్రింటయింది. పంపిణీదారు వంద తీసుకున్నాడు, మిగతావి లారీలో మా ఇంటికి. అట్టపెట్టెలు మంచం కింద, బీరువా పక్కన, మెట్ల కింద. మాది గ్రౌండ్ ఫ్లోర్. 2023 డిసెంబర్‌లో మిగ్‌జాం తుపానుకు నీళ్లు లోపలికి వచ్చినప్పుడు మావారు ఫ్రిజ్ ఎత్తుదామంటారు, నేను పెట్టెలు ఎత్తుదామంటాను. పై వరుస పెట్టెలు దక్కాయి. కింది వరుసలో కాగితాలు ఉబ్బి పెట్టెలే పగిలిపోయాయి. ఆరబెడితే విడివిడిగా వస్తాయనుకున్నా గానీ, ఆర్ట్ పేపర్ కవర్లు ఒకదానికొకటి అంటుకుపోయాయి. పాతపేపర్లవాడు తడి బరువుకు డబ్బులివ్వనన్నాడు.

కాబట్టి చెన్నైలో ఉన్నవాళ్లు ఎన్ని కాపీలని అడిగే ముందు ఎన్నో అంతస్తని అడగాలి.

రాత్రిబండి
ఫ్రిజ్ ఏమైంది?

వేళచ్చేరి వనజ
పోయింది. ఆ మాట ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది.

సీరియల్ సుజన
కాలువగట్టు గారూ, "అత్తాకోడళ్లు, మీరు ఊహించుకోగలరు" అన్న ఎత్తిపొడుపు ఎందుకండీ? నేను అలాంటివే రాస్తాను. మా పాఠకుల్లో షిఫ్టు ముగించుకుని బస్సులో చదివే నర్సులున్నారు, బట్టల షాపులో నిలబడి పనిచేసే అమ్మాయిలున్నారు. వాళ్లకు మీ కాలువ నవల నచ్చదని మీరే ముందు తీర్మానించేశారు.

ఒకప్పుడు తెలుగు నవల నడిచిందే వారపత్రికల్లో సీరియల్‌గా కదా. శుక్రవారం పత్రిక కోసం ఇంట్లో తన్నుకునేవాళ్లని మా అమ్మ చెప్తుంది. చతుర పత్రిక అయితే నెలకో నవల పూర్తిగా వేసేది, కొత్తవాళ్లకు అదొక వాకిలి. అవి చాలావరకు మూతపడ్డాక ఎక్కువగా మిగిలింది ఈ యాప్‌లే. చిన్నచూపు వద్దు.

కాలువగట్టు
చిన్నచూపు లేదండీ. ఆ ఐఏఎస్ హీరో మీద నాకే విసుగొచ్చింది. వాడు కలెక్టరాఫీసుకు వెళ్లి చాలా వారాలైంది, ఎప్పుడు చూసినా ఇంట్లోనే ఉంటున్నాడు.

సీరియల్ సుజన
హహ. ఆ సంగతి మీ పాఠకులూ అడుగుతూనే ఉంటారు, కామెంట్లు చదవండి.

టీనగర్ మామ
ఈ ఊళ్లో కూర్చుని తెలుగు పుస్తకం అచ్చువేయించడానికి హైదరాబాదు వైపు చూడాల్సి రావడం విధి వైపరీత్యం. వావిళ్లవారి ముద్రణాలయం 1854లో ఇక్కడే పుట్టింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో 1908లో మొదలుపెట్టిన ఆంధ్రపత్రికను 1914లో దినపత్రికగా తెచ్చింది ఈ మద్రాసులోనే. చందమామ 1947 జూలైలో ఇక్కడి నుంచే వచ్చింది. మా చిన్నతనంలో రచయిత కావాలంటే మద్రాసు రైలెక్కేవాళ్లు.

ఇడ్లీకడై
మామా, రైలు ఇంకా ఉంది. దిగాక ఏం చేయాలన్నదే ప్రశ్న.

టీనగర్ మామ
దిగాక చదవాలి నాయనా. ఎగ్మోరులో కన్నెమరా లైబ్రరీ 1896 నుంచి ఉంది. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం చేరాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి. కాలువగట్టు అచ్చువేసే పుస్తకం కూడా అక్కడికి చేరాల్సిందే. ఎవరు కొన్నా కొనకపోయినా ఆ ఒక్క కాపీకి అలమరాలో చోటుంటుంది.

వేళచ్చేరి వనజ
ఎన్నో అంతస్తు?

నోటరీసందు
హైకోర్టు దగ్గర ప్రాక్టీసు. డబ్బు సంగతి డెమీసైజు గారు చెప్పారు, కాగితం సంగతి నేను చెప్తాను. ఆ ప్యాకేజీవాళ్లు ఒప్పంద పత్రం పంపారా? అందులో సినిమా, వెబ్ సిరీస్, ఆడియో, అనువాదం "సమస్త హక్కులు" అన్న ముక్క ఉందేమో చూడండి.

1957 కాపీరైట్ చట్టం, సెక్షన్ 19. హక్కులు ఇవ్వడం రాతపూర్వకంగా, సంతకంతోనే జరగాలి. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకే అని అర్థం. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే అది చెల్లిపోయినట్టే, ఒప్పందంలో వేరేలా రాసుకుంటే తప్ప. ఆ "తప్ప" దగ్గరే అందరూ పడిపోతారు. మీ చేత అక్కడే సంతకం పెట్టిస్తారు.

డబ్బు మీరు పెట్టి, హక్కులు కూడా మీరే ఇచ్చేస్తే వాళ్లు పెట్టేదేంటి?

కాలువగట్టు
పత్రం పంపారు. మీరన్న "సమస్త హక్కులు" ఏడో క్లాజులో ఉంది. గడువు దగ్గర "కాపీరైట్ కాలపరిమితి మొత్తానికి" అని ఉంది.

నోటరీసందు
అంటే మీ జీవితకాలం, ఆ పైన అరవై ఏళ్లు. మీ మనవడు కూడా వాళ్లను అడిగి పుస్తకం వేసుకోవాలి.

రాత్రిబండి
కాపీరైట్ రిజిస్టర్ చేయిస్తే ఈ బాధ ఉండదు కదా?

నోటరీసందు
రెండూ వేరు. రాసిన క్షణం నుంచే హక్కు మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. సాక్ష్యం కోసం కావాలంటే సాహిత్య రచనకు ఫీజు 500. కానీ తర్వాత మీరే సంతకం పెట్టి ఇచ్చేస్తే ఏ రిజిస్ట్రేషనూ కాపాడదు.

వన్‌ఫింగర్ టైపిస్ట్
ఇంత గొడవ ఎందుకు, కిండిల్‌లో పెట్టేయండి. నా కొలీగ్ తమిళంలో పెట్టాడు, అరగంట పని.

డెమీసైజు
తమిళంలో పెట్టాడు కదా, అదే తేడా. 2016లో కిండిల్‌లో భారతీయ భాషలు తెచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం వచ్చాయి. తెలుగు రాలేదు. పక్క సీటు అతను అరగంటలో రచయిత అవుతాడు, మనం చూస్తూ కూర్చోవాలి.

అసలు తలనొప్పి ఇంకోటుంది. కాలువగట్టు గారు ఫోన్లోనో గూగుల్ డాక్స్‌లోనో యూనికోడ్‌లో రాస్తుంటారు. ప్రెస్సుల్లో చాలామంది ఇంకా పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్, యూనికోడ్ కాని అను ఫాంట్ల మీదే ఉన్నారు. యూనికోడ్ నుంచి అనుకు మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, అక్షరాలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. ప్రూఫులు మీరే చూసుకోవాలి, వాళ్లు చూస్తారని నమ్మొద్దు. యూనికోడ్‌లోనే ఇన్‌డిజైన్‌లో పేజీలు కట్టేవాళ్లను వెతుక్కోండి, ఇప్పుడు ఉన్నారు. ఐఎస్‌బీఎన్ (పుస్తకాల గుర్తింపు సంఖ్య) కోసం ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి. రాజా రామ్మోహన్ రాయ్ పేరుతో ఉన్న ఏజెన్సీ కేంద్ర విద్యాశాఖ కింద ఉచితంగా ఇస్తుంది, సొంతంగా వేసుకునేవాళ్లూ ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు.

కాలువగట్టు
ప్యాకేజీలో ఐఎస్‌బీఎన్‌కు 3,500 వేశారు.

ఇడ్లీకడై
13 అంకెలు కదా, అంకెకు 270 చొప్పున వేసుంటారు.

ఫస్ట్‌డ్రాఫ్ట్ పద్మ
అందరూ అచ్చు గురించి మాట్లాడుతున్నారు. అచ్చువేయడానికి నవల లేదు, సగమే ఉంది. ప్యాకేజీవాళ్ల ఫోన్ వచ్చేదాకా ఈ నవల ఎందుకు ఆగిందో ఆయన చెప్పలేదు. కాలువగట్టు గారూ, ఎక్కడ ఆగింది?

కాలువగట్టు
టైం లేక ఆగిందండీ. పైన రాశాను కదా, ఇరవై రోజులు ఆఫీసు...

ఫస్ట్‌డ్రాఫ్ట్ పద్మ
అదే ఇరవై రోజుల్లో సీరియల్ ప్రతి మంగళవారం వస్తోంది. టైం ఉంది. ఆగిన చోటు ఒక పేరా పెట్టండి, చూద్దాం.

రాత్రిబండి
పద్మగారూ, అంత తేలిగ్గా టైం ఉందనేయకండి. నేను సిరుసేరిలో నైట్ షిఫ్టు. పొద్దున ఇంటికొచ్చి పిల్లల్ని స్కూలు వ్యాన్ ఎక్కించి పడుకుంటే లేచేసరికి సాయంత్రం. సీరియల్ భాగం రాయడానికి పట్టే టైం వేరు, నవలకు పట్టే టైం వేరు. సీరియల్‌కు గంట చాలు, ముందు వారం ఏం జరిగిందో పాఠకులే గుర్తుచేస్తారు. నవలలోకి మళ్లీ దిగాలంటే వెనక్కి ఇరవై పేజీలు చదువుకోవాలి, ఆ మూడ్ రావాలి, వచ్చేసరికి వ్యాన్ హారన్.

ఫస్ట్‌డ్రాఫ్ట్ పద్మ
ఆ మాట ఒప్పుకుంటాను. అయినా పేరా పెట్టమనండి.

కాలువగట్టు
సరే. తిట్టకండి.

"తాడు లాగీ లాగీ పోలయ్య కుడి భుజం కాయకాసింది. కాయ పగిలిన చోట ఆముదం రాసి, మీద గోనెముక్క కట్టుకున్నాడు. గాలి తిరిగితే తెరచాప ఎత్తొచ్చు, గట్టు మీద నడక తప్పుతుంది. గాలి తిరగలేదు. పడవలో కట్టెల మీద కూర్చున్న పిల్లాడు గెడతో నీళ్లను కొడుతూ, నాయనా, నీళ్లు ఎదురొస్తున్నాయి అన్నాడు. పోటు మొదలైంది. చీకటి పడేలోగా లాకు చేరకపోతే ఈ రాత్రికి ఇక్కడే. చేరారు. ఆ రాత్రి ఎంతో గాఢమైనది. జీవితమనే ప్రవాహంలో ఎన్ని లాకులో అనుకున్నాడు పోలయ్య."

ఇక్కడే.

ఇడ్లీకడై
చివరి రెండు వాక్యాలు ఐఏఎస్ హీరో రాశాడా?

అచ్చుతప్పు
నవ్వు ఆపుకోలేకపోయా. కానీ ముందు భాగం చాలా బాగుంది, నిజంగా.

ఫస్ట్‌డ్రాఫ్ట్ పద్మ
ఇడ్లీకడై వెక్కిరించినా అన్నమాట నిజం. లాకు దాకా, అంటే పడవల్ని దాటించే నీటిగేటు దాకా, మీకు అన్నీ తెలుసు. ఆముదం తెలుసు, గోనెముక్క తెలుసు, ఆ కాలువ ఉప్పునీళ్లు సముద్రం పోటుకు ఎదురు తిరుగుతాయని తెలుసు. లాకు దగ్గరికొచ్చేసరికి ఏమీ తెలియదు. గేటు ఎవరు తీస్తారు? రాత్రి తీస్తారా? రుసుము ఎవరి చేతిలో పెట్టాలి? అన్నం పడవలో వండుకుంటారా, గట్టు మీదా? మంచినీళ్లు ఎక్కడివి? ఇవి తెలియకే పోలయ్య చేత వేదాంతం చెప్పించారు. ఇది టైం గొడవ కాదు. ఇరవై రోజులు సెలవు పెట్టినా ఆ చోటు దాటలేరు.

కాలువగట్టు
కాసేపు ఏం రాయాలో తోచలేదు. నిజమే. తాత నా ఆరో క్లాసులో పోయాడు. తాడు, ఆముదం సంగతి ఆయన చెప్పినవే. లాకుల గురించి చెప్పలేదు, నేనూ అడగలేదు, అప్పుడు నాకేం తెలుసు. ఇప్పుడు ఊళ్లో కాలువను చూస్తే పైన ఎమ్మార్టీఎస్ రైలు స్తంభాలు, కింద నల్లటి నీళ్లు. ఇక్కడ పడవ నడిచిందంటే మా పిల్లాడే నమ్మడు.

టీనగర్ మామ
ఎగ్మోరులోనే తమిళనాడు ఆర్కైవ్స్ ఉంది, ప్రెసిడెన్సీ కాలం నాటి ప్రభుత్వ కాగితాలన్నీ అక్కడే. పీడబ్ల్యూడీ (ప్రజాపనుల శాఖ) ఫైళ్లు అడగండి. ఆ కాలువ 1806లో కాక్రేన్ కాలువగా మొదలై పెదగంజాం నుంచి మరక్కాణం దాకా, సుమారు 420 కిలోమీటర్లు సాగింది. ఊళ్లో అడయారునూ కూవంనూ కలిపే ముక్కను 1877-78లో, ధాతు కరువులో, కూలికోసం వచ్చిన జనంతో తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరు అప్పుడే పెట్టారు. 1898లో ఒక ఇంజనీరు ఈ కాలువ చరిత్ర రాసి అచ్చువేయించాడు కూడా. లాకుల కొలతలు దాంట్లో దొరుకుతాయి.

ఫస్ట్‌డ్రాఫ్ట్ పద్మ
కొలతలు ఇంజనీరు రాస్తాడు, అన్నం ఎక్కడ వండారో రాయడు. దానికి మనిషి కావాలి.

టీనగర్ మామ
మనిషి దొరికేలోగా కాగితమైనా చూడమంటున్నా. కరువు కూలీల మీద ఆనాటి రిపోర్టులు చదివితే నిద్రపట్టదు.

కాలువగట్టు
మామా, ఆ కరువు సంగతిని నవలలో పెడితే ఇంకో నూరు పేజీలు పెరుగుతుంది. మా తాత కాలం చాలా తర్వాతది. ఆశ పెట్టకండి.

వన్‌ఫింగర్ టైపిస్ట్
కాలువ నవలనే యాప్‌లో సీరియల్‌గా వేస్తే? జనం ఉన్నారు, డెడ్‌లైన్ ఉంటుంది, రెండు పనులూ ఒకటైపోతాయి.

అచ్చుతప్పు
ఆ పని మాత్రం వద్దు. నవలల పోటీల్లో చాలావాటికి హామీపత్రం అడుగుతారు. సొంత రచన, అనువాదం కాదు, పత్రికలో గానీ వెబ్‌లో గానీ సోషల్ మీడియాలో గానీ ఎక్కడా రాలేదు అని సంతకం పెట్టాలి. యాప్‌లో పది భాగాలు వచ్చినా పనికిరాదు. 2019లో తానా నవలల పోటీ బహుమతి రెండు లక్షలు. మీకు వస్తుందని కాదు, తలుపు మూసుకోవడం దేనికి?

సీరియల్ సుజన
దీంట్లో అచ్చుతప్పు గారితో ఏకీభవిస్తా. పైగా ఆ పేరా చదివాక చెప్తున్నా, అది వారం వారం ముక్కలుగా చదివే రాత కాదు. మా పాఠకులు చదవరని కాదు. ప్రతి భాగం చివర ఒక మలుపు పెట్టాల్సి వస్తుంది, పోలయ్యకు వారానికోసారి పాము కరవాలి.

సీరియల్ ఆపొద్దు కూడా. ఆపితే మళ్లీ ఆ పాఠకులు రారు. మీకు ఖాళీగా ఉండే ఆ పది రోజుల్లో రెండు మూడు భాగాలు ముందే రాసి షెడ్యూల్ చేసి పెట్టండి. నేను పిల్లల పరీక్షలప్పుడు అలాగే చేస్తా. మీవాడి పదో తరగతి పరీక్షలయ్యేదాకా రెండు వారాలకో భాగం అని ముందే ప్రకటించేయండి. కారణం చెప్తే తిట్టరు, "బాబుకు ఆల్ ది బెస్ట్" అంటారు. ఆ ఐఏఎస్‌ను ట్రైనింగ్‌కు ముస్సోరీ పంపేయండి, మీకూ విశ్రాంతి.

ఇడ్లీకడై
పెళ్లయ్యాక ట్రైనింగా?

సీరియల్ సుజన
మధ్యలో కూడా పంపుతారు. అనుమానముంటే గూగుల్ చేసుకో తమ్ముడూ.

రాత్రిబండి
ఎక్కడ రాస్తున్నారు అసలు? పిల్లాడు పదో తరగతి అంటే ఇంట్లో బల్ల వాడిదే కదా.

కాలువగట్టు
లోకల్ ట్రైన్‌లో ఫోన్‌కు వాయిస్ టైపింగ్ చెప్తుంటా. విల్లివాక్కం దాటాక గాలికి సగం మాటలు మారిపోతాయి. ఒకరోజు "పడవ ఒడ్డుకు చేరింది" అంటే "పెదవి వడ్డీకి చేరింది" అని పడింది. పక్కాయన తెలుగాయనే అనుకుంటా, దిగేదాకా నా ఫోన్లోకే చూశాడు.

వేళచ్చేరి వనజ
ఆదివారం కొట్టూర్‌పురం అన్నా శతజయంతి గ్రంథాలయానికి వెళ్లండి. సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునేవాళ్లకు వేరే హాలుంది. సివిల్స్‌కు చదివే పిల్లలతో నిండి ఉంటుంది కాబట్టి పొద్దున్నే పోవాలి. పెద్దవాళ్లను చూసి జరిగి చోటిస్తారు, పాపం. పిల్లాణ్ని కూడా తీసుకుపోవచ్చు, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోండి.

మోడరేటర్
ఐఏఎస్ ట్రైనింగ్ మీద వచ్చిన తొమ్మిది పోస్టులను కబుర్ల విభాగానికి మార్చాను. ఇక్కడ నవల గురించి మాట్లాడండి.

రాయపేట రవి
ఆలస్యంగా చూశాను. అందరూ ప్యాకేజీని తిడుతున్నారు గానీ, రెండో వైపు కూడా చెప్పాలి. నేను డబ్బు పెట్టే వేయించుకున్నా. మా నాన్న మంచం పట్టి ఉన్నారు, ఆయన ఉండగా పుస్తకం చేతిలో పెట్టాలనుకున్నా, పెట్టాను. దిండు పక్కనే ఉంచుకునేవారు, వచ్చినవాళ్లందరికీ చూపించేవారు. ఎన్ని అమ్ముడుపోయాయో నేను లెక్క చూడలేదు. కొందరికి ఆ డబ్బు నష్టం కింద రాదు.

డెమీసైజు
దానికి నేను కాదనను రవిగారూ. అలాంటప్పుడు కూడా 65 వేలు అవసరం లేదన్నదే నా బాధ. కావలసినన్నే అచ్చువేసే ప్రింట్ ఆన్ డిమాండ్‌లో యాభై వేయించుకోవచ్చు, కాపీ ఖర్చు ఎక్కువైనా మొత్తం బిల్లు తక్కువ. మంచం కింద పెట్టెలూ ఉండవు. పోస్టుకు కూడా, రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఎత్తేశాక 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అని ఒకటి తెచ్చారు, 300 గ్రాముల దాకా 20 రూపాయలు. మీ పుస్తకం దానికి వస్తుందో రాదో పోస్టాఫీసులో ముందే అడగండి, వాళ్ల షరతులు వాళ్లకున్నాయి.

రాయపేట రవి
యాభై సరిపోయేవి. నిజమే.

నోటరీసందు
కాలువగట్టు గారూ, ఏడో క్లాజు సంగతి ఏమైంది?

కాలువగట్టు
ఫోన్ చేసి ఆ క్లాజు తీసేయమన్నా, అచ్చు పుస్తకం హక్కు ఒక్కటే, మూడేళ్లకు ఇస్తానన్నా. "మా స్టాండర్డ్ ఫార్మాట్ సార్, అందరూ సంతకం పెట్టారు" అన్నాడు. ఐఎస్‌బీఎన్ ఉచితం కదా అంటే "ప్రాసెసింగ్ ఛార్జ్" అన్నాడు. అడ్వాన్సు కట్టడం లేదు. జనవరికి నవల రాదు, రాకపోతే రాకపోనీ. జనవరిలో నందనం వైఎంసీఏ బుక్ ఫెయిర్‌కు ఎప్పట్లాగే కొనేవాణ్నిగా వెళ్తా.

సీరియల్ రెండు వారాలకో భాగం అని ప్రకటించా. సుజనగారన్నట్టే ఆల్ ది బెస్టులు వచ్చాయి, ఇద్దరు తిట్టారు. పోటీ కథలు మాత్రం పూర్తిగా ఆపేశా, వాటి గురించి ఇక్కడ ఎవరూ అడగను కూడా లేదు. 3బి వేశాక ఒకరోజు సెలవు పెట్టి ఆర్కైవ్స్‌కు వెళ్తా. మనిషినెక్కడ వెతకాలో తెలియడం లేదు. ఆ పడవలెక్కినవాళ్లు ఇప్పుడు ఎనభై దాటుంటారు.

సూళ్లూరుపేట లోకల్
ఈ థ్రెడ్ రెండు రోజులుగా చదువుతూనే ఉన్నా, ఎవరైనా చెప్తారేమోనని ఆగాను. మా మేనమామ గారి ఊరు తడ దగ్గర, కాలువకు ఆనుకునే. అక్కడొక పెద్దాయన ఉన్నాడు. చిన్నప్పుడు వాళ్ల నాయనతో పాటు పడవలో వెళ్లేవాడట, గుల్లసున్నం, కట్టెలు. లాకు దగ్గర రాత్రుళ్లు పడవలు వరసగా కట్టేసేవాళ్లని, ముందు పోవడానికి కొట్టుకునేవాళ్లని చెప్తుంటాడు. గేటు కాసేవాడికి చేపలిచ్చేవాళ్లట.

ఫస్ట్‌డ్రాఫ్ట్ పద్మ
చేపలు! కాలువగట్టు గారూ, వెళ్లండి.

కాలువగట్టు
ఎప్పుడు రావచ్చు? నేను ఆదివారం సూళ్లూరుపేట బండికి వస్తా.

సూళ్లూరుపేట లోకల్
రండి. పదకొండు లోపు చేరాలి, భోజనం చేస్తే సాయంత్రం దాకా లేవడు. ఎడమ చెవి వినబడదు, కుడి పక్కన కూర్చోండి. ఫోన్ ముందు పెట్టి రికార్డు చేస్తున్నా అంటే బిగుసుకుపోతాడు, మొదట కాసేపు ఊరికే మాట్లాడండి. వక్కపొడి తెస్తే సంతోషిస్తాడు. నేను స్టేషన్ బయట బైకుతో ఉంటా, నంబరు మెసేజ్‌లో పంపుతున్నా.